ఫర్మానులు ఏలిన రాజ్యం – ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జీవితం

ఐరోపా చరిత్ర చదివిన విద్యార్థులకు నిరంకుశ రాజరికమనే మాట సుపరిచితమే. రాజు భగవంతునికి తప్ప మానవమాత్రునికి జవాబు చెప్పనక్కరలేదనీ, శాసనం చేసేవాడూ, దానిని అమలు జరిపేవాడూ, తీర్పు చెప్పేవాడూ అతడేననీ ఆ సిద్ధాంత సారాంశం. దానికి పరాకాష్ఠ ఫ్రాన్సును 1643 నుండి 1715 వరకు ఏలిన పద్నాలుగవ లూయీ. 1661లో మంత్రి మజారిన్ మరణించగానే, ఇకమీదట తనకు ప్రధానమంత్రి అక్కరలేదని నిశ్చయించి, ఆయన రాజ్యభారమంతా స్వయంగా వహించాడు. 1614లో సమావేశమైన ఫ్రెంచి ప్రతినిధుల సభ మళ్ళీ 1789 దాకా సమావేశం కానేలేదు. తరువాతి తరంలో ప్రష్యా రాజు ఫ్రెడరిక్, ఆస్ట్రియా చక్రవర్తి జోసెఫ్ వంటి ప్రభువులు వచ్చారు. వీరు విద్యావంతులు, సంస్కరణాభిలాషులు. ప్రజలకు మేలు చేయవలెననే తలంచారు. అయితే ఆ మేలు ఏదో నిర్ణయించే హక్కు ప్రజలకు ఉన్నదని మాత్రం తలంచలేదు.

ఇదంతా ఎప్పటిదో, ఎక్కడిదో అని మనం అనుకోరాదు. ఐరోపాలో ఆ తరహా రాజరికాలు చాలవరకు అంతరించిన తరువాత కూడ, 1948 సెప్టెంబరు దాకా, మన హైదరాబాదు నగరంలో అటువంటి ప్రభువు ఒకడు ఫర్మానులతో రాజ్యమేలాడు. మనం నేడు తాగే నీటిలో, ఎక్కే బస్సులో, చికిత్స పొందే ఆసుపత్రిలో, అన్నిటినీ మించి అడిక్‌మెట్‌లో వెలసిన విశ్వవిద్యాలయంలో ఆయన ముద్ర ఉన్నది. ఆయనయే ఏడవ ఆసఫ్ జాహ్, నవాబ్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన జీవితం కేవలం ఒక ధనవంతుని కథ కాదు. ఎవరి అనుమతీ అక్కరలేని అధికారం ఎంత నిర్మించగలదో, ఎక్కడ నిస్సహాయంగా నిలిచిపోతుందో తెలుసుకొనుటకు అంతకన్న దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

బాల్యం – సింహాసనం

ఆసఫ్ జాహీ వంశం 1724లో నిజాముల్ ముల్క్ మీర్ ఖమరుద్దీన్ ఖాన్‌తో ప్రారంభమైంది. మొగల్ సామ్రాజ్యం బలహీనమవుతున్న కాలంలో దక్కను సుబేదారుగా ఆయన స్వతంత్రించి పాలన నెలకొల్పాడు. ఆ వంశంలో ఆరవ ప్రభువు మీర్ మహబూబ్ అలీ ఖాన్. ప్రజలచే ప్రేమగా మహబూబ్ పాషా అని పిలిపించుకున్న ఆయన ఉదారుడు, విలాసి. ఆయన కుమారుడుగా 1886 ఏప్రిల్‌లో పురానీ హవేలీలో ఉస్మాన్ అలీ ఖాన్ జన్మించారు. తల్లి అమతుజ్జహ్రా బేగం.

రాకుమారునికి అరబ్బీ, ఫారసీ, ఉర్దూ, ఆంగ్ల భాషలు చెప్పించారు. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ వంటి పండితులు, బ్రయాన్ ఎగర్టన్ అనే ఆంగ్లేయుడు ఆయనకు గురువులు. బాల్యంలోనే ఆయన పురానీ హవేలీ విడిచి కింగ్ కోఠీకి నివాసం మార్చారు. కమాల్ ఖాన్ అనే అమీరు కట్టించుకున్న ఆ భవనం తలుపుల మీద అతని పేరులోని రెండు ఆంగ్లాక్షరాలు చెక్కి ఉన్నాయనీ, వాటికి సరిపోయేటట్లు కింగ్ కోఠీ అని పేరు పెట్టారనీ నగరంలో ఒక ప్రతీతి. జీవితాంతం ఆయన నివాసం అదే. తండ్రికి ప్రియమైన ఫలక్‌నుమా సౌధం అతిథులకు విడిదిగా మిగిలిపోయింది. 1906లో ఆయనకు దుల్హన్ పాషా బేగంతో వివాహం జరిగింది.

1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ మరణించారు. ఇరవై అయిదేళ్ళ ఉస్మాన్ అలీ ఖాన్ మస్నద్ అధిష్ఠించారు. ఆయనకు సంక్రమించిన రాజ్యం సామాన్యమైనది కాదు. 82,000 చదరపు మైళ్ళకు పైగా విస్తీర్ణం. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడే ప్రజలు. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు. 1941 నాటికి జనాభా 1.63 కోట్లు. అందులో దాదాపు సగం మంది తెలుగువారు.

దీవాన్ లేని అయిదేళ్ళు

కొత్త ప్రభువు సింహాసనమెక్కేనాటికి మహారాజా కిషన్ పర్షాద్ దీవాన్. 1912లో ఆయన స్థానంలో యువకుడైన మూడవ సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, నియమితుడయ్యాడు. రెండేళ్ళు గడిచేసరికి ఆయనా తొలగిపోయాడు. 1914 చివర నుండి 1919 దాకా హైదరాబాదు రాజ్యానికి దీవానే లేడు. ప్రతి శాఖ కాగితమూ నేరుగా కింగ్ కోఠీకి పోయేది. పద్నాలుగవ లూయీ 1661లో చేసిన పనినే ఇరవయ్యవ శతాబ్దంలో ఉస్మాన్ అలీ ఖాన్ చేశారని చెప్పవచ్చు.

ఇద్దరికీ మరొక పోలిక కూడ ఉన్నది. ఇద్దరూ సోమరులు కారు. నిజాం స్వయంగా కాగితాలు చదివి, స్వహస్తంతో ఉత్తర్వులు వ్రాసేవారు. ఆయన నోటి మాట ఫర్మానుగా వెలువడేది, ఫర్మాను జరీదాలో అచ్చయి శాసనమయ్యేది. కాని ఒక భేదం గమనించదగినది. లూయీ వెర్సాయి సౌధాన్ని కట్టి, ఆడంబరాన్నే పరిపాలనా సాధనంగా వాడుకున్నాడు. ఉస్మాన్ అలీ ఖాన్ ఆడంబరాన్ని తన ఒంటి నుండి తొలగించుకున్నారు. మాసిన షేర్వానీ, పాత రూమీ టోపీ, చౌక సిగరెట్లు ఆయన గుర్తులు. 1937 ఫిబ్రవరిలో అమెరికా వారపత్రిక టైమ్ తన ముఖచిత్రంగా ఆయన బొమ్మను ప్రచురించి, ప్రపంచంలోకెల్ల ధనవంతునిగా పరిచయం చేసింది. ఆ ధనవంతుడు తండ్రి నాటి జేకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడన్న కథ లోకమంతా వ్యాపించింది. దర్బారుకు వచ్చిన ప్రతివాని నుండి అష్రఫీల నజరానా స్వీకరించుటలో మాత్రం ఆయన ఎప్పుడూ మొహమాటపడలేదు.

ఆ సంపద మూలాన్ని కూడ విద్యార్థులు తెలుసుకోవాలి. రాజ్యంలోని భూమిలో సుమారు పదవ వంతు సర్ఫ్-ఎ-ఖాస్, అనగా నిజాం సొంత ఖర్చులకు ప్రత్యేకించిన భూమి. సుమారు మూడవ వంతు జాగీర్దారులది. మిగిలినది మాత్రమే ప్రభుత్వ ఖజానాకు నేరుగా శిస్తు చెల్లించే దీవానీ భూమి. ప్రభువు సొత్తుకూ ప్రభుత్వ సొత్తుకూ మధ్య గీత గీసినవాడూ, దానిని చెరపగలవాడూ ప్రభువే.

1919 నవంబరులో సర్ అలీ ఇమాం అధ్యక్షుడుగా బాబె హుకూమత్ అనే కార్యనిర్వాహక సభ ఏర్పడింది. దీవాన్‌కు బదులు సదర్-ఎ-ఆజం వచ్చాడు. శాఖలు పంపిణీ అయ్యాయి. 1921లో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరు చేస్తూ ఫర్మాను వెలువడింది. నాటి బ్రిటిషు ఇండియాలో కూడ ఇంకా సాధ్యం కాని సంస్కరణ అది. అయినా తుది మాట కింగ్ కోఠీదే.

నిర్మాణ యుగం

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉండగానే ఉస్మాన్ అలీ ఖాన్ రాజయ్యారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ననుసరించి మూసీ మీద కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీ మీద కట్టిన హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరద అదుపులోకి వచ్చింది, నగరానికి మంచినీరు వచ్చింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను తొలగించి వీధులు వెడల్పు చేసింది. మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ వెలిశాయి.

జిల్లాలలో చెప్పదగిన నిర్మాణం నిజాం సాగర్. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీర మీద 1923లో మొదలైన ఈ జలాశయం 1931లో పూర్తయింది. నిజామాబాదు ప్రాంతపు మెట్ట నేలలకు నీరు వచ్చింది. ఆ నీటితో చెరకు, ఆ చెరకుతో 1937లో బోధన్ చక్కెర కర్మాగారం వచ్చాయి. 1932లో 27 బస్సులతో రాజ్య రవాణా శాఖ ప్రారంభమైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం ఆయన తల్లి జహ్రా బేగం పేరు మీదుగా వచ్చినదని ప్రతీతి.

1914లో పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ నాయకత్వంలో అజంతా, ఎల్లోరా గుహల సంరక్షణ జరిగింది. అజంతా చిత్రాలు రాలిపోకుండా నిలుపుటకు ఇటలీ నుండి నిపుణులను రప్పించారు. బౌద్ధ భిక్షువుల చిత్రాలను కాపాడుటకు ఒక ముస్లిం ప్రభువు ఖజానా తెరిచాడు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి, అలీగఢ్‌కు, శాంతినికేతనానికి, మహాభారత పరిశోధన సాగిస్తున్న పూనా భండార్కర్ సంస్థకు విరాళాలు వెళ్ళాయి. ఆయన కవి కూడ. ఉస్మాన్ అనే తఖల్లుస్‌తో ఉర్దూ, ఫారసీ గజళ్ళు వ్రాశారు. జలీల్ మానక్‌పురీ ఆయనకు ఉస్తాద్.

అడిక్‌మెట్ విశ్వవిద్యాలయం

ఈ నిర్మాణాలన్నిటికీ శిరోభూషణం జామియా ఉస్మానియా. 1917లో అక్బర్ హైదరీ ఒక వినతి పత్రం సమర్పించారు. ఆంగ్ల భాషాభారంతో విద్యార్థి బుద్ధి కుంటుపడుతున్నదనీ, దేశభాష బోధనా మాధ్యమంగా ఒక విశ్వవిద్యాలయం నెలకొల్పాలనీ అందులోని సారాంశం. 1917 ఏప్రిల్ 26న నిజాం దానిని ఆమోదిస్తూ ఫర్మాను జారీ చేశారు. వైద్యం, ఇంజనీరింగు, గణితం, న్యాయం మొదలైన ఆధునిక శాస్త్రాలన్నీ ఒక భారతీయ భాషలో బోధించుటకు సాహసించిన తొలి విశ్వవిద్యాలయం ఇదే. దీనికి కావలసిన పుస్తకాలు లేవు. కనుక దారుత్తర్జుమా అనే అనువాద సంస్థను స్థాపించారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటి విద్వాంసులు అక్కడ పనిచేశారు. వందలాది గ్రంథాలు అనువాదమయ్యాయి, వేలాది సాంకేతిక పదాలు పుట్టాయి. భాషాబోధకులమైన మనకు ఆ శ్రమ విలువ బాగా తెలుసు. ఒక శాస్త్రానికి మాతృభాషలో మాట పుట్టించుట ఒక బిడ్డకు జన్మనిచ్చుట వంటిది.

తొలుత బషీర్‌బాగ్ పరిసరాల భవనాలలో 25 మంది అధ్యాపకులతో, 225 మంది విద్యార్థులతో తరగతులు ఆరంభమయ్యాయి. శాశ్వత స్థానంగా అడిక్‌మెట్ ప్రాంతపు విశాలమైన భూమిని ఎన్నుకున్నారు. బండరాళ్ళతో, చెట్లూ పుట్టలతో నగరానికి దూరంగా ఉన్న ప్రదేశం అది. వాస్తుశిల్పులు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్‌లు దేశవిదేశాలు తిరిగి విశ్వవిద్యాలయ నిర్మాణాలను పరిశీలించి వచ్చారు. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనా గీశాడు. 1934 జూలై 5న ఆర్ట్స్ కళాశాలకు శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న నిజాం స్వయంగా ప్రారంభోత్సవం చేశారు. గులాబి వన్నె గ్రానైటు శిలలతో లేచిన ఆ భవనంలో ఎల్లోరా గుహల స్తంభాల రీతీ, ఇస్లామీయ తోరణాల రీతీ కలిసిపోయాయి.

అయితే ఇక్కడనే నిరంకుశ సంస్కరణలోని లోపమూ కనిపిస్తుంది. దేశభాష అన్నప్పుడు ఆ దేశ ప్రజలలో సగం మంది భాష తెలుగు. మరాఠీ, కన్నడాలు మాట్లాడేవారు కూడ కోట్లలో కాకున్నా లక్షలలో ఉన్నారు. ఉర్దూ మాతృభాషగా గలవారు ఎనిమిదింట ఒక వంతు మాత్రమే. మాతృభాషలో బోధించాలన్న ఉదాత్త సూత్రం ఫలితంగా ఎక్కువమంది పిల్లలకు ఆంగ్లానికి బదులు మరొక పరభాష ఎదురైంది. విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ లేకపోలేదు; రాయప్రోలు సుబ్బారావు వంటి మహాకవి అక్కడ ఆచార్యులుగా ఉన్నారు. కాని తెలుగు అక్కడ చదువుకొనదగిన విషయమే తప్ప చదువు చెప్పే భాష కాలేదు. ఆ ప్రజలను ఒక్కమాట అడిగి ఉంటే ఈ సంగతి తెలిసేది. అడిగే సభ ఏదీ ఆ రాజ్యంలో లేదు.

అధికారానికి మూడు ఎల్లలు

నిరంకుశాధికారానికి ఎల్లలుండవని పేరు. ఉస్మాన్ అలీ ఖాన్ అధికారానికి మాత్రం మూడు దిక్కులా ఎల్లలు ఉన్నాయి.

మొదటిది పై నుండి. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సహాయానికి ప్రతిగా బ్రిటిషువారు 1918లో ఆయనకు ఎగ్జాల్టెడ్ హైనెస్ అనే అసాధారణ బిరుదునూ, విశ్వాసపాత్రుడైన మిత్రుడనే గౌరవాన్నీ ఇచ్చారు. ఆ మిత్రత్వాన్ని నమ్మి, పూర్వం తమ వంశం నుండి తీసుకున్న బేరారు ప్రాంతాన్ని తిరిగి ఇవ్వమని ఆయన కోరారు. సమానుల మధ్య వివాదంగా దానిని పరిగణించమన్నారు. 1926 మార్చి 27న వైస్రాయి లార్డ్ రీడింగ్ వ్రాసిన జవాబు కఠినమైనది. బ్రిటిషు చక్రవర్తితో సమానంగా బేరమాడే హక్కు ఏ సంస్థానాధీశునికీ లేదని అందులో తేల్చి చెప్పాడు. ముఖ్య శాఖలలో ఆంగ్ల అధికారులను నియమించుకోవలసిన ఒత్తిడి కూడ వచ్చింది. 1936 ఒడంబడికలో బేరారు పేరు బిరుదులలో చేరింది, పెద్ద కుమారుడు ఆజం జాహ్ బేరారు యువరాజు అయ్యాడు, బేరారు భూమి మాత్రం రాలేదు. ఐరోపా రాజులకు పైన ఉన్నది దేవుడొక్కడే. నిజాముకు పైన రెసిడెన్సీ కూడ ఉన్నది.

రెండవ ఎల్ల కింద నుండి. వెట్టిచాకిరిని నిషేధిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. కాని నల్లగొండ, వరంగల్లు పల్లెలలో దేశ్‌ముఖ్ గడీ గుమ్మం దాటి ఆ ఉత్తర్వు లోపలికి పోలేదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలుగా పనిచేసే ప్రతి కులమూ ఊరికే చాకిరి చేయవలసి వచ్చేది. ముస్లిం రైతూ, దూదేకులవాడూ ఆ పీడనకు అతీతులు కారు. ఆనకట్ట కట్టగలిగిన ఫర్మాను గడీని కదిలించలేకపోయింది. కారణం స్పష్టం. శిస్తు వసూలుకూ, శాంతి భద్రతలకూ ప్రభువు ఆధారపడినది ఆ గడీల మీదనే.

మూడవ ఎల్ల మౌనం. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి లేనిదే సభలు జరుపరాదు. 1921లో నగరంలోని వివేకవర్ధినీ నాటకశాల సభలో ఒక వక్త తెలుగులో మాట్లాడబోగా గేలి జరిగింది. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక ఆరంభించారు. 1930లో ఆయన అధ్యక్షతనే జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. గ్రంథాలయాలు, పాఠశాలలు, మాతృభాష మొదలైన నిరపాయకరమైన కోరికలకే అనుమతుల కొరకు పడిగాపులు పడవలసి వచ్చింది. 1938లో స్టేట్ కాంగ్రెస్ ఏర్పాటు దశలోనే నిషేధానికి గురి అయింది. 1939లో ప్రకటించిన శాసనసభ సంస్కరణలు ప్రపంచ యుద్ధం పేరుతో వాయిదా పడ్డాయి. ప్రజల మాట ప్రభువు చెవికి చేరే తోవలన్నీ ఇలా ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

ఆయన స్థాపించిన విశ్వవిద్యాలయంలోనే ఆ మౌనం మొదట బద్దలైంది. 1938లో ఉస్మానియా వసతి గృహాలలో విద్యార్థులు వందేమాతర గీతం పాడినందుకు బహిష్కృతులయ్యారు. వందలాది మంది రాజ్యం విడిచిపోగా నాగపూరు విశ్వవిద్యాలయం వారికి ఆశ్రయమిచ్చింది. అలా బహిష్కృతులైన విద్యార్థులలో తరువాతి కాలంలో భారత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఒకరు. ఉస్మానియాలో ఎం.ఏ. చదివి సిటీ కాలేజీలో అధ్యాపకుడైన కవి మఖ్దూం మొహియుద్దీన్ కార్మిక, రైతు ఉద్యమాలకు నాయకుడయ్యాడు. ఉస్మానియా పట్టభద్రుడైన షోయబుల్లా ఖాన్ ఇమ్రోజ్ పత్రిక నడిపి రాజ్యం భారతదేశంలో విలీనం కావాలని వ్రాశాడు. ప్రభువు విద్యనిచ్చాడు, విద్య ప్రశ్ననిచ్చింది.

1947–48 : ఎటూ తేలని ప్రభువు

1947లో బ్రిటిషు అధికారం తొలగిపోనున్నదని తెలియగానే, జూన్‌లో నిజాం ఒక ప్రకటన చేశారు. అధికారం తొలగిన నాడు హైదరాబాదు స్వతంత్ర రాజ్యమవుతుందని దాని భావం. చుట్టూ భారతదేశం, సముద్ర తీరం లేదు, అత్యధిక సంఖ్యాకుల అభీష్టం వేరు. అయినా మూడున్నర దశాబ్దాలుగా కాదన్న మాట వినని చెవికి ఇవి వినిపించలేదు.

ఇంతలో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ బలం పుంజుకున్నది. దక్కనులోని ప్రతి ముస్లిమూ రాజ్యాధికారంలో భాగస్వామి, రాజు అతని సార్వభౌమత్వానికి ప్రతీక మాత్రమే అనే సిద్ధాంతాన్ని అది ప్రచారం చేసింది. వినుటకు గొప్పగా ఉన్నది. కాని చార్మినారు వద్ద జట్కా తోలేవాడికి, పల్లెలో సాలెమగ్గం మీద కూర్చున్నవాడికి ఆ రాజ్యంలో దక్కిన భాగమేది? అధికారంలో వాటా లేనివారికి అధికార భ్రమలో వాటా లభించింది. తరువాత దాని మూల్యం చెల్లించినవారూ వారే.

1947 అక్టోబరు చివర జరిగిన సంఘటన ఈ జీవిత కథలో అత్యంత కీలకమైనది. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందానికి నిజాం కార్యనిర్వాహక సభ అంగీకరించింది. ప్రతినిధి వర్గం ఢిల్లీకి బయలుదేరవలసిన తెల్లవారుజామున, ఖాసిం రజ్వీ నాయకత్వంలోని జనసమూహం ఆ ప్రతినిధుల ఇండ్లను చుట్టుముట్టి ప్రయాణాన్ని ఆపివేసింది. నిజాం లొంగిపోయారు. సదర్-ఎ-ఆజం ఛత్తారీ నవాబు వైదొలగగా కొత్త ప్రతినిధి వర్గం వెళ్ళింది. చివరకు నవంబరు 29న సంతకమైన ఒప్పందం దాదాపు పూర్వపుదే. ఎవరికీ జవాబుదారీ కాని ప్రభువు ఒక రాత్రి గుంపునకు జవాబుదారీ అయ్యాడు. ఆయన వెనుక నిలిచేందుకు ఎన్నికైన సభ లేదు, ప్రజల విశ్వాసం గల పక్షం లేదు. అటువంటి వ్యవస్థలన్నిటినీ ఆయనే ఎదగనీయలేదు.

తరువాతి పది నెలలు దుఃఖభరితం. మీర్ లాయక్ అలీ మంత్రివర్గం వచ్చింది. రజాకార్ల దౌర్జన్యాలు పెరిగాయి. తెలంగాణ పల్లెలలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య మరణంతో రగిలిన రైతాంగ పోరాటం సాయుధమైంది. 1948 ఆగస్టు 22న షోయబుల్లా ఖాన్ నగర వీధిలో హత్యకు గురి అయ్యాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటును ఆకాశవాణిలో స్వయంగా ప్రకటించారు. భద్రతా సమితిలో హైదరాబాదు వేసిన ఫిర్యాదును ఉపసంహరించారు. 224 ఏళ్ళ రాజ్యం అయిదు రోజులలో ముగిసింది.

ఆ తరువాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములపై ఘోర హింస జరిగింది. ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను తక్కువలో తక్కువగా 27,000 నుండి 40,000 దాకా అంచనా వేసింది. ఆ నివేదిక చాలాకాలం వెలుగు చూడలేదు. రజాకార్ల చేతిలో మరణించిన హిందూ రైతూ, ఆ తరువాత మరణించిన ముస్లిం నేతగాడూ ఏ ఫర్మాను మీదా సంతకం చేసినవారు కారు. ప్రభువు చేసిన నిర్ణయానికి ప్రజ చెల్లించిన అపరాధ రుసుము అది. నిరంకుశత్వంలోని అతి పెద్ద అన్యాయం ఇదేనేమో: నిర్ణయం ఒకరిది, ఫలితం అందరిదీ.

చివరి రోజులు

1949లో సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వపరమయ్యాయి, జాగీర్లు రద్దయ్యాయి. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రాగా, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాదు రాష్ట్ర రాజప్రముఖ్ అయ్యారు. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం నిర్ణయమైంది. 1952లో వయోజన ఓటుతో ఎన్నికైన బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం ఏర్పడినప్పుడు రాజప్రముఖ్ ఆయనయే. తన ఫర్మానుకు ఎదురులేని నగరంలో, ప్రజలు ఎన్నుకున్న మంత్రుల సలహాపై సంతకం చేసే పదవిలో ఆరేళ్ళు ఆయన మర్యాదగా మెలగారు. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ పదవీ ముగిసింది.

మిగిలిన సంపదను ఆయన అనేక ట్రస్టులుగా విభజించారు. ఆ ట్రస్టు ధనంతో వెలసిన ఎముకల ఆసుపత్రియే నేటి పంజాగుట్ట నిమ్స్‌కు పునాది. 1965 యుద్ధకాలంలో ఆయన దేశరక్షణకు 5,000 కిలోల బంగారం దానం చేశారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. నిజానికి ఆయన పెట్టినది 425 కిలోల బంగారం. అదీ దానం కాదు, వడ్డీ వచ్చే బంగారు బాండ్లలో పెట్టుబడి. చరిత్ర విద్యార్థి ఇటువంటి అతిశయోక్తులను వేరు చేయగలగాలి. నిజంగా చేసిన మేలు చాలినంత ఉన్నప్పుడు కల్పనల అవసరమేమి?

1967 ఫిబ్రవరి 24న ఆయన కింగ్ కోఠీలో మరణించారు. పూర్వ నిజాములు పలువురు మక్కా మసీదు ఆవరణలో శయనించి ఉండగా, ఆయన మాత్రం కింగ్ కోఠీ ఎదుటనున్న జూదీ మసీదులో తల్లి సమాధి చెంత చోటు కోరుకున్నారు. అంతిమయాత్రలో జనం సముద్రమై కదిలింది. 1948లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీద లండన్ బ్యాంకులో జమపడిన పది లక్షల పౌన్ల వివాదం ఆయన మరణానంతరం అర్ధ శతాబ్దం గడిచాక 2019 అక్టోబరు 2న, భారత ప్రభుత్వానికీ ఆయన వారసులకూ అనుకూలమైన తీర్పుతో ముగిసింది. అప్పటికి ఆ మొత్తం మూడున్నర కోట్ల పౌన్లయింది.

విద్యార్థులకు ఒక మాట

ఉస్మాన్ అలీ ఖాన్‌ను స్మరించేటప్పుడు మన ఎదుట రెండు సులభమైన తోవలు ఉంటాయి. ఒకటి, ఆయనను పూర్తిగా పొగడి గతించిన వైభవానికి కన్నీరు కార్చుట. రెండవది, ఆయనను కేవలం దుర్మార్గునిగా చిత్రించి, ఆయన మతం వారందరినీ ఆయన పాలనకు వారసులుగా భావించుట. రెండూ ఒకే పొరపాటు. రాజునూ అతని మతస్థులనూ ఒకటిగా చూచుట రెండింటికీ మూలం. ఉస్మానియా ముస్లిముల సొత్తు కాదు, రజాకార్ల అపరాధం ముస్లిముల అపరాధం కాదు. షోయబుల్లా ఖానూ, మఖ్దూమూ కూడ మనవారే.

అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుతున్న మనకు ఒక ప్రభువు దయ వలన ఏమి లభించిందో తెలుసు. నేడు మన విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొనే హక్కు రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకిచ్చినది. ఫర్మాను ఇచ్చినదానిని మరొక ఫర్మాను తీసుకొనిపోగలదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కును కాపాడుకొనుటకు న్యాయస్థానమున్నది, ఓటున్నది, మాట్లాడే నోరున్నది. ఉస్మాన్ సాగర్ నీరు తాగుతూ, ఉస్మానియా పట్టా అందుకుంటూ, వాటిని ఇచ్చిన ప్రభువుకు కృతజ్ఞత చెప్పుట మన సంస్కారం. ఆ ప్రభువును ప్రజలు ఎందుకు ప్రశ్నించలేకపోయారో అడుగుట మన చదువు. ఆ రెండూ చేయగల విద్యార్థులను ఆయన విశ్వవిద్యాలయమే తయారుచేసింది.